గోటి మీది ఋతువులు

సంవత్సరమునకు రెండు పర్యాయములు, వసంతమునకు కొంచెము ముందు ఒకసారి, శరత్తునకు కొంచెము ముందు మరియొకసారి, పెద్ద నగరముల అంగళ్ళలో గోళ్ళరంగు సీసాల వరుసలు మారుచుండును. వసంతమునకు లేత గులాబి, వేసవికి పగడపు ఛాయ, శరత్తునకు ద్రాక్షసారాను బోలిన ముదురు వన్నె, చలికాలమునకు చిక్కని ఎరుపు అని అమ్మువారు చెప్పుదురు. స్త్రీల పత్రికలు ఆ మాటనే చిత్రములతో చెప్పును. వినగా వినగా ఇది ప్రకృతి నియమమే కాబోలునని తోచును. చిగురు ఎర్రగా నుండుట ఎట్లో, శరత్తున గోరు ముదురు రంగున ఉండుటయు అట్లే అనిపించును.

కాని ఈ పట్టికకు ఒక పుట్టుక ఉన్నది. అది ఏ దేశమున, ఏ సంవత్సరముల నడుమ, ఎవరి చేతిమీదుగా తయారైనదో చరిత్ర చాలవరకు చెప్పగలదు. గోరు అర అంగుళము పొడవైనను లేని స్థలము. ఆ కొద్ది స్థలముపై ఏ ఋతువున ఏ రంగు నిలువవలెనో నిర్ణయించుటకు తుపాకిమందు, మోటారుకార్లు, బట్టలమిల్లులు, ప్రకటనలు వ్రాయువారు, తుదకు టెలివిజను కూడ తోడ్పడినవి. అంతకు పూర్వమో? ఋతువే స్వయముగా రంగును ఇచ్చెడిది. ఋతువు ఇచ్చిన రంగునకు, ఋతువు పేరిట అమ్మిన రంగునకు గల భేదమే ఈ ప్రసంగమునకు విషయము.

మొదట మన ఇంటి నుండియే బయలుదేరుదము. తెలుగువారికి గోటిరంగు అనగా గోరింటాకు. దాని పేరులోనే గోరు ఉన్నది. ఆషాఢమాసము వచ్చినంతనే ఇంటింటను ఆడువారు గోరింటాకు పెట్టుకొనుట మన ఆచారము. తొలకరి వానలకు పొద అంతయు క్రొత్త ఆకు వేసి ఉండును. ఆ లేత ఆకును దూసి, రోట మెత్తగా రుబ్బి, కొందరు కొంచెము చింతపండు చేర్చి, వ్రేళ్ళ కొనలకు టోపీలవలె తొడిగి, అరచేత చందమామను దిద్ది, రాత్రి అంతయు ఉంచుకొందురు. తెల్లవారి కడిగి చూచుకొన్నప్పుడు కలుగు సంతోషము పిల్లలకే కాదు, పెద్దలకును ఉండును. ఆషాఢమున క్రొత్తకోడలు పుట్టినింట నుండుట ఆచారము కనుక, పెండ్లియైన తరువాత ఆమె తల్లితో, చెల్లెండ్రతో, చిన్ననాటి స్నేహితురాండ్రతో కలిసి పెట్టుకొను మొదటి గోరింటాకు ఇదియే. ఆ ఎరుపులో అందమునకు తోడు, ఒక నెలరోజుల స్వేచ్ఛ కూడ కలిసి ఉన్నది.

తెలుగు నుడికారమును ఇచట ఒక్క క్షణము గమనింపవలెను. గోరింటాకు రంగు అంటినది అని మనము అనము, పండినది అందుము. కాయ పండినట్లే చేయి పండును. పండుటకు కాలము కావలెను. తొందరపెట్టిన పండదు. ఈ మాటలో రసాయనశాస్త్రము కూడ ఇమిడి ఉన్నది. ఆకులో లాసోన్ అను వర్ణద్రవ్యము కలదు. ఆకు నలిగి తడిసినప్పుడు అది వెలుపలికి వచ్చి, చర్మము, వెండ్రుక, గోరు అను మూడింటికిని మూలద్రవ్యమైన కెరటిన్‌తో మెల్లమెల్లగా బంధము ఏర్పరచుకొనును. కడిగిననాడు నారింజవన్నెగా నున్నది మరునాటికి చిక్కనై ఎరుపు తేలును. చర్మము పైపొర రాలుచుండును గనుక అరచేతి ఎరుపు రెండు మూడు వారములలో వెలిసిపోవును. గోటికి రాలుట లేదు. దానిమీది ఎరుపు చెరుగదు, గోటితోపాటు పెరిగి ముందునకు సాగును.

ఇచటనే గోరింటాకు ఒక పంచాంగమగుచున్నది. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగును. మొదటినుండి కొనవరకు పూర్తిగా మారుటకు దాదాపు 6 నెలలు పట్టును. ఆషాఢమున పెట్టిన ఎరుపు క్రింద శ్రావణమునకే సన్నని తెల్లని నెలవంక కనబడును. భాద్రపదమునకు ఆ నెలవంక పెద్దదగును. ఆశ్వయుజ బహుళ తదియనాడు అట్లతద్ది వచ్చుసరికి ఎరుపు గోటి పైభాగమునకు జరిగి ఉండును. అట్లతద్దికి ముందునాడు ఆడపిల్లలు మరల గోరింటాకు పెట్టుకొందురు. ఆచారము ఈ లెక్క చూచి ఏర్పడినదని ఎవరును అనజాలరు. కాని లెక్క సరిపోవుట మాత్రము నిజము. గోటి వంక చూచి, పండుగ గడిచి ఎన్నాళ్ళయినదో చెప్పగలిగిన ఇల్లాండ్రు మన ఊళ్ళలో ఉండిరి.

ఇట్టి ఆచారము మనకే పరిమితము కాదు. కొరియా దేశమున వేసవిలో పూచు బాల్సం పూవులున్నవి. మన ఉత్తరదేశమున ఆ మొక్కనే గుల్‌మెహందీ అందురు. కొరియా బాలికలు ఆ పూరేకులను పటికతో నూరి గోళ్ళకు పెట్టి, ఆకు చుట్టి, దారముతో కట్టి రాత్రి ఉంచుకొందురు. ఆ నారింజ ఎరుపు తొలి మంచు కురియువరకు గోటిపై మిగిలియున్నచో తొలివలపు ఫలించునని వారి నమ్మకము. గోరింటాకు ఎర్రగా పండిన పిల్లకు మంచి మగడు వచ్చునని మన పెద్దలు అనెడివారు. రెండు దేశములకు నడుమ వేల మైళ్ళ దూరము. రెండు మొక్కలకు చుట్టరికము లేదు. అయినను రెండుచోట్లను గోరు పెరుగుటయే కాలమును కొలుచు కొలబద్ద యైనది. రెండుచోట్లను రంగు ఒక్కటే. ఏ రంగు వేసికొందునని అడుగు ప్రశ్నయే అక్కడ లేదు. మొక్క ఏది ఇచ్చినచో అదియే రంగు, ఎప్పుడు ఇచ్చినచో అదియే ఋతువు.

అట్లని ప్రాచీనకాలమున గోరు అందరికిని సమానమని అనుకొనరాదు. రంగు ఒక్కటియైనను, గోటి పొడవు మనుష్యుల అంతస్తును చాటుచుండెను. సుమారు క్రీ.శ. 3వ శతాబ్దివాడని తలచు వాత్స్యాయనుడు తన గ్రంథమున దేశభేదమును బట్టి గోళ్ళను వర్ణించెను. గౌడదేశీయుల గోళ్ళు పొడవై చేతికి శోభనిచ్చునవి, దాక్షిణాత్యుల గోళ్ళు పొట్టివై పనికి ఓర్చునవి, మహారాష్ట్రులవి రెండింటికి నడిమివి అని ఆయన మాట. దక్షిణదేశమువారమైన మనము ఆ వాక్యమును చదివి చిన్నబోవలసిన పనిలేదు. పనికి ఓర్చు గోరు అను బిరుదు తక్కువది కాదు. చైనాలో మాంచూ వంశపు ఏలుబడిలో రాజాంతఃపుర స్త్రీలు కొన్ని వ్రేళ్ళ గోళ్ళను అంగుళముల కొలది పెంచి, విరుగకుండ బంగారు, వెండి తొడుగులు వేసికొనిరి. 20వ శతాబ్ది తొలి సంవత్సరములలో తీసిన ఛాయాచిత్రములలో రాజమాత సీషీ చేతికి అట్టి తొడుగులు నేటికిని చూడవచ్చును. ఆ గోళ్ళతో కుండ తోమ వీలుకాదు, నారు నాట వీలుకాదు. ఈ చేతులకు పని లేదు అని లోకమునకు చాటుటయే వాని ఉద్దేశము.

ఐరోపా, అమెరికాలలో 19వ శతాబ్ది చివరవరకు మర్యాదగల స్త్రీ గోటికి రంగు ఉండకూడదు, మెరుపు మాత్రమే ఉండవచ్చును. మెత్తని గుండ చల్లి, మేకతోలు వంటి పలుచని తోలుతో గోటిని రుద్ది నిగనిగలాడునట్లు చేసెడివారు. ఆ రుద్దుటకే పాలిష్ అని పేరు. నేడు మనము నెయిల్ పాలిష్ అను సీసాలో రుద్దునది ఏదియు లేదు. పని పోయి పేరు మిగిలినది. న్యూయార్కున నార్తమ్ వారెన్ అను వర్తకుడు 1911లో క్యూటెక్స్ అను పేరుతో గోటి చుట్టునున్న చర్మమును తీయు ద్రవమును అమ్మసాగెను. 1917 ప్రాంతమున అదే పేరుతో గోటికి పూయు ద్రవము కూడ వచ్చినది. దక్షిణభారతమున చాల ఇండ్లలో క్యూటెక్స్ అను పేరే గోళ్ళరంగునకు సామాన్యనామమై నిలిచినది. కాని తొలినాటి ఆ ద్రవములు పారదర్శకములు. వానియందు లేతగులాబి ఛాయకు మించినది అరుదు.

రంగు విజృంభించుటకు దారి మరియొక దిక్కునుండి ఏర్పడినది. దూదిని నైట్రికామ్లముతోను గంధకామ్లముతోను కలిపినచో నైట్రోసెల్యులోజ్ వచ్చును. ఎక్కువ తీవ్రముగా చేసినది తుపాకిమందు. తక్కువ తీవ్రముగా చేసినది ద్రావకములలో కరగి, ఆరినంతనే గట్టి మెరుగు పొరగా నిలుచును. 1914లో ప్రారంభమైన మొదటి ప్రపంచయుద్ధమునకై అమెరికాలో ఈ పదార్థమును తయారుచేయు కర్మాగారములు మిక్కిలిగా పెరిగెను. 1918లో యుద్ధము ముగియగానే వాని యజమానులు క్రొత్త ఉపయోగములకై వెదకిరి. డ్యూపాంట్ సంస్థ ఈ పదార్థముతోనే డ్యూకో అను కారురంగును 1923లో బయటికి తెచ్చినది.

దాని ప్రాముఖ్యమును గ్రహించుటకు అంతకు ముందటి కార్లను తలచుకొనవలెను. ఫోర్డు కంపెనీ తన ప్రసిద్ధమైన టీ మోడలు కారును 1914 నుండి 1925 వరకు నల్లరంగున మాత్రమే అమ్మెను. ఇతర రంగులు పూసిన కార్లు పొరవెంట పొర ఆరుటకు వారముల కొలది పట్టెడిది. డ్యూకో గంటలలో ఆరినది. ఏ రంగైనను పూయవచ్చును. వెంటనే జనరల్ మోటార్స్ అధిపతి ఆల్ఫ్రెడ్ స్లోన్ ఈ అవకాశమును గుర్తించెను. కారు చెడిపోవువరకు ఎదురుచూడనేల? ఏటేట రూపమును, రంగును మార్చినచో, నడుచుచున్న కారు కూడ పాతబడినట్లు కనబడును గదా! 1927లో ఆ సంస్థ ఆకృతికిని రంగునకును ప్రత్యేకశాఖను నెలకొల్పి, హార్లీ ఎర్ల్ అను రూపశిల్పిని దానికి అధికారిని చేసినది. ఏటేట మారు నమూనా అను వర్తకనీతి ఇట్లు స్థిరపడినది.

కారుకు పూసిన జాతి మెరుగే గోటికిని వచ్చినది. 1920ల నుండి వెలువడిన గోళ్ళరంగులలో నైట్రోసెల్యులోజే ముఖ్యద్రవ్యము. నేటికిని చాల సీసాలలో పొరగా నిలుచు ముఖ్యద్రవ్యము అదియే. దీనిని ఆంగ్లమున లాకర్ అందురు. ఆ మాట పుట్టుకను వెదకుచు పోయినచో పోర్చుగీసు, అరబ్బీ భాషల మీదుగా సంస్కృతపు లాక్షకు, అనగా మన లక్కకు చేరుదుము. లక్క నుండియే పూర్వము స్త్రీలు పాదములకు దిద్దుకొను లత్తుక తయారగుచుండెను. మన మాట దేశములు తిరిగి, అర్థము మార్చుకొని, సీసాలో కూర్చుండి మరల మన ఇంటికి వచ్చినది.

మెరుగుతోపాటు వర్తకనీతి కూడ గోటికి దిగుటకు మరియొక సన్నాహము కావలసి యుండెను. ఏ ఋతువున ఏ రంగు అను పట్టిక అది. దానికి మూలము బట్టల వ్యాపారము. 1914కు పూర్వము అమెరికా మిల్లులు ఫ్రాన్సు నుండి వచ్చు రంగుల పత్రములను చూచి, జర్మనీ నుండి వచ్చు అద్దకపు రంగులతో బట్టలు అద్దెడివి. యుద్ధము వచ్చి రెండు దారులును మూతపడెను. అప్పుడు న్యూయార్కున మిల్లుల వారును వర్తకులును చేరి టెక్స్‌టైల్ కలర్ కార్డ్ అసోసియేషన్ అను సంఘమును స్థాపించుకొనిరి. రంగులకు పేర్లు పెట్టి, చిన్న పట్టుపీలికలను అట్టకు అంటించి, వసంతమునకు ఒకటి, శరత్తునకు ఒకటిగా ఆ సంఘము పత్రములను ప్రకటించుచుండెను. మార్గరెట్ హేడెన్ రార్క్ అను మహిళ దీనిని దశాబ్దముల తరబడి నడిపెను. నూలు అద్దువాడు, తోలు పదునుపెట్టువాడు, టోపీ కుట్టువాడు, గుండీలు చేయువాడు, అందరును ఒక్క పత్రమునే చూతురు. కాబట్టి అంగడిలో గౌనునకు తగిన చెప్పు, చెప్పునకు తగిన సంచి దొరకును. రానున్న వసంతమున జనము ఏ రంగును కోరుదురో ఊహించుట అను పేరుతో, జనమునకు ఏ రంగు దొరకవలెనో చాల నెలల ముందుగనే నిర్ణయించు పద్ధతి ఇట్లు ఏర్పడినది.

ఆ పట్టికలో రంగులు ఎట్లు పంచబడినవో చూచిన, ప్రకృతి పాత్ర ఎంతయో తెలియును. చలిదేశమున శరత్తు రాగానే ఉన్నిబట్టలు పెట్టెలనుండి దిగును. ఉన్ని బరువు, మురికి కనబడని ముదురు రంగు దానికి అనుకూలము. వేసవికి పలుచని నూలుబట్ట, దానికి తెలుపు, లేతరంగు. చెట్ల ఆకులు రాలుటకు ముందు ఎరుపు, గోధుమవన్నె దాల్చుట కూడ ఆ దేశముల దృశ్యమే. అనగా ఋతువు బట్టను నిర్ణయించినది, బట్ట రంగును నిర్ణయించినది, రంగుపత్రము తక్కినవానిని నిర్ణయించినది. గోరు ఈ వరుసలో చిట్టచివర వచ్చి నిలిచినది.

దానిని ఆ వరుసలోనికి తెచ్చినవాడు చార్లెస్ రెవ్‌సన్. 1932 మార్చిలో, అమెరికా ఆర్థికసంక్షోభము మిక్కిలి తీవ్రముగా నున్న దినములలో, ఆయనయు, ఆయన సోదరుడు జోసఫును, రసాయనములు తెలిసిన చార్లెస్ లాక్‌మన్‌యు కలిసి న్యూయార్కున చిన్న వ్యాపారము పెట్టిరి. రెవ్‌సన్ పేరులో లాక్‌మన్ పేరి ఎల్ అక్షరమును చొప్పించి రెవ్‌లాన్ అనిరి. వారి వద్దనున్న సరుకు ఒక్కటే, గోళ్ళరంగు. కాని దానిలో ఒక విశేషము కలదు. ఇతరుల రంగులు నీటివలె పలుచని అద్దకములు. వీరిది చూర్ణవర్ణములు కలిపిన చిక్కని పూత. గోరు పూర్తిగా కప్పబడును. పారదర్శకమైన పూతలో ఎరుపు ఒక్కటియే పలువిధముల ఎరుపు కాజాలదు. చిక్కని పూతలో ఎన్ని ఛాయలైనను సాధ్యము. వారు మొదట దీనిని క్షౌరసౌందర్యశాలలకు అమ్మిరి, తరువాత పెద్ద అంగళ్ళకు చేర్చిరి. 1940 ప్రాంతమున పెదవులకును వ్రేళ్ళకొనలకును ఒక్కటే రంగు అను నినాదముతో లిప్‌స్టిక్కును జతచేసిరి.

రెవ్‌సన్ నేర్చిన అసలు విద్య మాత్రము స్లోన్ విద్యయే. సీసా అయిపోవువరకు కాచుకొనక, సాధారణముగా వసంతమున ఒకటి, శరత్తున ఒకటిగా క్రొత్త ఛాయను గొప్ప ఆర్భాటముతో విడుదల చేయుట ఆయన పద్ధతి. సీసాలో మూడువంతులు రంగు మిగిలియున్నను, ఋతువు మారుటతో అది పాతది యగును. ఛాయలకు పేర్లు కూడ పెట్టెను. ఎరుపు, గులాబి అని కాదు. 1945లో ప్రాణాంతకమైన ఆపిల్ అను అర్థమునిచ్చు పేరు. 1953లో మంచుపై చెర్రీపండ్లు అను పేరు. పేరు వినగానే ఒక కథ మనస్సున మెదలవలెను. 1952 శరత్తున నిప్పును మంచును అను అర్థమునిచ్చు పేరుతో వెలువడిన ఎరుపు వీనిలో మిక్కిలి ప్రసిద్ధము. వెండిజరీ తళుకుల గౌనుపై ఎర్రని పైవస్త్రము ధరించిన డోరియన్ లీ అను యువతిని రిచర్డ్ ఆవెడన్ ఛాయాచిత్రము తీసెను. చిత్రమునకు ఎదుటిపుటలో 15 ప్రశ్నలుండెను. నీవు ఈ రంగునకు తగినదానవేనా అని చదువరిని పరీక్షించు ప్రశ్నలవి. ఇక్కడ ఒక చిన్న తలక్రిందులు జరిగినది. ఆషాఢమున గోరింటాకు చేతికి తగునా అని ఎవరును అడుగలేదు, అందరికిని తగును. 1952లో చేయియే రంగునకు తగునా అని పరీక్ష వ్రాయవలసి వచ్చినది.

మన రేడియోవారికి సంబంధించిన ముచ్చట ఒకటి ఇచట చెప్పవలెను. అమెరికా రేడియోలో 1940లలో 64 డాలర్లు అత్యధిక బహుమతిగా నున్న ప్రశ్నోత్తరముల కార్యక్రమము ఒకటి ప్రసిద్ధమై యుండెను. 1955లో దానిని టెలివిజనునకు మార్చి, బహుమతిని 64,000 డాలర్లకు పెంచి, దాని ఖర్చును రెవ్‌లాన్ భరించినది. ప్రశ్నకును ప్రశ్నకును నడుమ పెదవిరంగు, గోళ్ళరంగు ప్రకటనలు. దేశము దేశమంతయు ఆ సాయంకాలము ఒక్కటే తెరను చూచినది. కొన్ని ఛాయలు అంగళ్ళలో నిలువలేదు. 1958లో అట్టి కార్యక్రమములలో సమాధానములు ముందుగనే చెప్పబడుచుండెనని అపవాదు పుట్టి, అవి వరుసగా ఆగిపోయినవి. అప్పటికి రంగు మాత్రము ఇండ్లలో స్థిరపడినది.

ఇది అంతయు వర్తకుల మాయయే అని త్రోసివేయుట న్యాయము కాదు. చరిత్రకు రెండవ ముఖము కలదు. ఎర్రని గోరు గౌరవకుటుంబములకు తగదని పెద్దలు గొణుగు దినములలోనే, కచేరీలో టైపు కొట్టు యువతి, దుకాణమున అమ్ముచున్న యువతి తమ జీతమునుండి ఒక చిన్న సీసా కొనుక్కొనగలిగిరి. క్రొత్త గౌను కొనలేనివారికి క్రొత్త రంగు అందుబాటులో ఉండెను. మాంచూ రాణివాసపు పొడవైన గోరు పని లేని చేతికి గుర్తు. టైపు మీటలపై పరుగెత్తు ఎర్రగోరు పనిచేయు చేతిదే. అలంకారమునకు, శ్రమకు నడుమ వేల సంవత్సరములుగా నున్న గోడలో ఇది ఒక కిటికీ తెరచినది. ఏ రంగు వేసికొందును అని తనకు తాను అడుగుకొనుటయు ఒక స్వాతంత్ర్యమే. ఆ ప్రశ్నకు సమాధానమును కూడ అంగడివాడే చెప్పుటలో మాత్రము చిక్కున్నది.

మనదేశమున ఈ అధ్యాయము 1952లో ప్రారంభమైనది. విదేశమారకద్రవ్యము పొదుపుచేయవలసిన కాలమున అలంకరణవస్తువుల దిగుమతి భారమగుచుండెను. ఆ సంవత్సరము టాటా సంస్థ బొంబాయిలో లాక్మే అను పేర సౌందర్యసాధనముల తయారీ ఆరంభించినది. లక్ష్మి అను పేరునకు ఫ్రెంచి ఉచ్చారణమే లాక్మే. డెలీబ్ అను ఫ్రెంచి సంగీతకర్త 1883లో ప్రదర్శించిన సంగీతనాటకపు నాయిక పేరు అది. సిమోన్ టాటా 1961లో ఆ సంస్థ నిర్వహణలో చేరి దానిని వృద్ధికి తెచ్చెను. 1990ల చివర అది హిందుస్థాన్ లీవర్ వారి చేతికి వచ్చినది. దేశమున తయారైన సీసాలతోపాటు, నాలుగు ఋతువుల పట్టిక కూడ మెల్లగా మన పత్రికలలోనికి వచ్చినది.

కాని మనకు ఋతువులు ఆరు. మన శరత్తున ఆకులు రాలవు. వానలు వెలిసి, వెన్నెల తేటపడి, దసరా వచ్చును. అప్పుడు మన బట్టలు ముదురువి కావు, పండుగవి. చలికాలమున మన తీరప్రాంతమునకు ఉన్నిబట్ట పని తక్కువ. వర్షర్తువు అను మాటయే ఆ నాలుగింటి పట్టికలో లేదు. లేకున్నను దాని ప్రభావము మాత్రము సీసాపై కలదు. నైట్రోసెల్యులోజ్ పూత ఆరునప్పుడు ద్రావకము వేగముగా ఆవిరియై గోటి ఉపరితలమును చల్లబరచును. గాలిలో తేమ అధికముగా నున్నచో ఆ చల్లదనమునకు నీరు సన్నగా చేరి, పూత మబ్బు క్రమ్మినట్లు తెల్లబారును. కారురంగు పూయువారికి ఈ దోషము చిరపరిచితము. వానకాలమున పూత పలుచగా వేసి, ఒక పొర ఆరిన తరువాతనే రెండవ పొర వేయుట మంచిదని చెప్పుటకు కారణమిదియే. చూడుడు: పరదేశపు పూతకు ఇబ్బంది కలిగించు మాసమే మన గోరింటాకు పండు మాసము. ఒకటి తేమకు కలతపడును, మరియొకటి తేమతోనే చిగురించును.

పట్టిక పుట్టిన దేశములలోనే దాని బలము క్రమముగా సడలినది. 1994లో పారిస్‌లోని షనెల్ సంస్థ శరత్కాల ప్రదర్శనకై నలుపునకు దగ్గరయైన ముదురెరుపును తెచ్చినది. అది మొదట శరత్తునదే. కాని దానిని వేసవిలోను విడువనివారు బయలుదేరిరి. తరువాతి సంవత్సరములలో నీలము, ఆకుపచ్చ, బూడిదవన్నె కూడ గోటికెక్కి, ఎరుపే గోటిరంగు అను పాత భావము పోయినది. మరియొకవైపు నిర్ణయించువారును పెరిగిరి. 1963లో పలుదేశముల రంగునిపుణులు పారిస్‌లో కూడి రానున్న రంగులను చర్చించు పద్ధతి నెలకొల్పిరి. 1999లో పాంటోన్ సంస్థ రాబోవు సంవత్సరమునకంతకును ఒక్క రంగును ప్రకటించు ఆచారము ప్రారంభించి, 2000 సంవత్సరమునకు ఆకాశనీలమును ఎన్నుకొన్నది. ఋతువుల హద్దులు చెరుగుచున్నను, ఎవరో ఒకరు మనకై ముందుగా ఎన్నుకొనుట మాత్రము తగ్గలేదు.

ఇంతకును గృహిణి ఏమి చేయవలెను? పట్టికను చించివేయనక్కరలేదు, శిరసావహించనక్కరలేదు. అది మరియొక దేశపు చలికి, మరియొక దేశపు ఉన్నిబట్టకు కుదిరిన లెక్క అని తెలిసికొన్న చాలును. మన ఎండకు, మన చీరల వన్నెకు, మన చేతిచాయకు ఏది నప్పునో మన కన్నే చెప్పగలదు. సంక్రాంతి ముంగిట ముగ్గుపిండి అంటిన వ్రేళ్ళకు, దసరానాటి పట్టుచీరకు, నడివేసవి మల్లెల మాలకట్టు చేతికి తగిన రంగు న్యూయార్కు పత్రములో ఉండదు. ఏ అంగడివాడును దానిని మనకంటె బాగుగా ఎరుగడు. నేటి ఆడపిల్ల అరచేత గోరింటాకు, గోటిపై సీసారంగు, రెండును కలిపి పెట్టుకొనుచున్నది. పెద్దలు దానికి కోపగించుకొననక్కరలేదు. సీసారంగు రెండు చుక్కల ద్రావకముతో పోవును. దానికి జ్ఞాపకము లేదు. అది మనము మారుటకు అనువైనది. గోరింటాకు మాత్రము ఒకసారి పండినచో గోటితో నడిచి, శ్రావణమును, భాద్రపదమును దాటి, ఆశ్వయుజము వరకు మనవెంట వచ్చును. ఋతువును గోటిపై చూపవలెనన్నచో, నెలనెలకు జరుగుచు పోవు ఆ ఎరుపుగీతకు మించినది ఏ సీసాలోను ఇంతవరకు దొరకలేదు.